తండ్రి ఎవరో తెలియని బాలుడు: ‘ది లైట్నింగ్ థీఫ్’ నవలయందలి సాహిత్యాంశములు

మన విశాఖపట్నము రేవులో 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన తొలిసారిగా ప్రవేశించిన నౌక పేరు ‘జలదుర్గ’. మన ఉక్కు కర్మాగారములోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు ‘గోదావరి’, ‘కృష్ణ’, ‘అన్నపూర్ణ’ అని నామకరణము చేసినారు. సముద్రము మీద తిరుగు ఓడకు దేవత పేరు. ఇనుము కరగించు కొలిమికి అన్నము పెట్టు తల్లి పేరు! యంత్రయుగము వచ్చినంత మాత్రమున పురాణము మనలను విడిచి పోలేదనుటకు ఇంతకన్న దగ్గరి నిదర్శనము అక్కరలేదు. ఈ సంగతినే ఆధారముగా గొని, ప్రాచీన గ్రీకు దేవతలు నేటి అమెరికా నగరములలో కాపురముండినచో ఎట్లుండునని ఊహించి వ్రాసిన నవల ‘ది లైట్నింగ్ థీఫ్’. మెరుపును, అనగా ఇంద్రుని వజ్రాయుధము వంటి ఆయుధమును, అపహరించిన దొంగ అని దాని అర్థము.

రచయిత రిక్ రియోర్డన్ టెక్సాస్ రాష్ట్రములోని శాన్ ఆంటోనియో నగరమునకు చెందినవాడు. చాలకాలము బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. చదువుటలో ఇబ్బంది పడుచున్న తన కుమారునికి రాత్రివేళ చెప్పిన కథయే ఈ నవలకు మూలము. 2005లో వెలువడిన ఈ గ్రంథము ఒక మాలికలో మొదటిది. ఐదవది 2009లో వచ్చినది. చలనచిత్రముగా 2010లోను, ధారావాహిక చిత్రముగా 2023లోను దీనిని తీసినారు. చిత్రములను చూచి నవలను చదివితిమనుకొను విద్యార్థులు మన కళాశాలలోను లేకపోలేదు. వారికొక మాట: తెరమీద కత్తియుద్ధము కనిపించును గాని, కథ చెప్పు బాలుని కంఠము అంతగా వినిపించదు. ఆ కంఠమే ఈ నవలకు ప్రాణము.

విషయములోనికి పోవుటకు ముందు, తరగతిలో నేను విన్న రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. ఇది పిల్లల పుస్తకము గదా, కళాశాల విద్యార్థులకేల అనునది మొదటిది. పంచతంత్రమును పిల్లల పుస్తకమని ఎవరు పక్కన పెట్టినారు? ఒక గ్రంథములోని సాహిత్యగుణమును నిర్ణయించునది చదువువాని వయస్సు కాదు.

రెండవది కొంత గంభీరమైనది: పరదేవతల కథలు మన విశ్వాసములకు తగునా అని. అరిస్టాటిల్ గ్రంథములను అబ్బాసీ ఖలీఫాల కాలమున బాగ్దాదు పండితులు అరబ్బీలోనికి తెచ్చుకొన్నారు. హోమరు రచించిన ‘ఇలియడ్’ మహాకావ్యమును సులైమాన్ అల్ బుస్తానీ అరబ్బీ పద్యములలోనికి అనువదించి 1904లో కైరో నగరమున ప్రచురించినాడు. గ్రీకు కథ చదివినందున ఎవరును గ్రీకు దేవతలకు మ్రొక్కలేదు. ఇంకొక చిత్రము కూడ చూడవచ్చును. అరేబియన్ నైట్స్‌లో సింద్‌బాదు మూడవ యాత్రయందు మనుష్యులను కాల్చుకొని తిను రాక్షసుని కన్నులను నావికులు ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వలతో పొడిచి తప్పించుకొందురు. హోమరు ‘ఒడిస్సీ’లో ఒంటికన్ను రాక్షసుని ఒడిస్సస్ గుడ్డివానిని చేయు ఘట్టమునకును దీనికిని ఉన్న పోలిక చదివినవారికి వెంటనే తోచును. కథలు ఓడలమీద ప్రయాణము చేయును. రేవుపట్టణపు వాసులకు ఇది వేరుగా బోధింపనక్కరలేదు.

తెలుగువారికిని ఈ గాథలు కొత్తవి కావు. కొడవటిగంటి కుటుంబరావుగారు ‘చందమామ’లో పనిచేసిన కాలమున, అనగా 1952 మొదలు 1980 వరకు గల దినములలో, ఆ పత్రిక గ్రీకు గాథలను ధారావాహికలుగా తెలుగు పిల్లలకు అందించినది. ట్రాయి యుద్ధమునకు కారణమైన హెలెన్ అందు ‘భువనసుందరి’ అయినది. ఒడిస్సస్ ‘రూపధరుడు’ అయి, ‘రూపధరుని యాత్రలు’ అను పేర ఇంటింట తిరిగినాడు. ఆ కథ గ్రీకుదని తెలియకయే పెరిగి పెద్దవారైనవారు మన పెద్దలలో ఎందరో కలరు. ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. చందమామవారు పేర్లను మార్చి కాలమును ప్రాచీనముగనే ఉంచినారు. రియోర్డన్ పేర్లను అట్లే ఉంచి కాలమును మార్చినాడు. పరాయి కథను ఇంటి కథగా చేసుకొనుటకు ఇవి రెండు మార్గములు. రెండవదానిలో హాస్యమునకు చోటు హెచ్చు, మొదటిదానిలో గాంభీర్యమునకు.

ఇక కథ. పెర్సీ జాక్సన్ పండ్రెండేండ్ల బాలుడు. ఏ బడిలోను కుదురుగా నిలువడు. పుస్తకము తెరచిన అక్షరములు కన్నులముందు తారుమారగును. తల్లి శాలీ మిఠాయి దుకాణములో పనిచేయును. సవతి తండ్రి గేబ్ జూదరి, దుర్మార్గుడు. కన్నతండ్రి ఎవరో బాలునికి తెలియదు. గణితము చెప్పు ఉపాధ్యాయురాలు ఒకనాడు రెక్కల రాక్షసియై మీద పడినది మొదలు అతని లోకము తలక్రిందులగును. ఎద్దుతల రాక్షసుడు వెంటాడగా తల్లిని పోగొట్టుకొని, దేవతలకును మానవులకును పుట్టిన బిడ్డలుండు శిబిరమునకు చేరును. తాను సముద్రాధిపతియగు పొసైడన్ కుమారుడనని అచ్చట తెలియును. దేవరాజైన జ్యూస్ ఆయుధమును దొంగిలించినాడన్న అపవాదు అతనిమీద పడును. అన్నాబెత్ అను బాలిక, గ్రోవర్ అను మేకకాళ్ల మిత్రుడు తోడురాగా, ఆయుధమును వెదకుచు పాతాళము వరకు పోయి వచ్చుట శేషకథ.

కథాకథనమును మొదట పరిశీలింతము. నవల అంతయు ఉత్తమ పురుషలో, బాలుని నోటనే నడచును. అధ్యాయముల శీర్షికలు కూడ అతని కొంటెమాటలే. నీవును మావంటివాడవేమో అనిపించినచో వెంటనే పుస్తకము మూసివేయుమని మొదటి పుటలోనే పాఠకుని హెచ్చరించును. అట్లు చెప్పినచో ఎవడు మూయును? ఈ హాస్యము అలంకారమాత్రము కాదు. భయము కలిగినప్పుడెల్ల పెర్సీ పరిహాసమాడును. తల్లి కన్నులముందు మాయమైన ఘట్టమున ఆ పరిహాసము సన్నగిల్లును. హాస్యము ఎక్కడ తగ్గినదో అక్కడ గాయమున్నదని గ్రహించినచో నవలలో సగము అర్థమైనట్లే.

కథకునికి తెలియనిది పాఠకునికి ముందుగా తెలియుట వలన కలుగు రసము ఈ నవలలో పలుచోట్ల ఉన్నది. న్యూజెర్సీ దారిలో ‘ఆంటీ ఎమ్’ అను ముసుగు స్త్రీ రాతిబొమ్మలను అమ్ముచుండును. బొమ్మల ముఖములన్నిటను భయమే. మెడూసా కథ తెలిసిన పాఠకుడు వద్దు వద్దని లోలోన కేకలు వేయుచుండగా, ఆకలిగొన్న పిల్లలు ఆమె పెట్టిన తిండికి కూర్చుందురు. పురాణము తెలిసినవానికి ఈ నవల ఒక విధముగా, తెలియనివానికి మరియొక విధముగా రుచించుట ఇందువలననే.

దేశకాల చిత్రణమునకు వత్తము. దేవతల నివాసమైన ఒలింపస్, న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనమున ఆరువందలవ అంతస్తులో ఉన్నదట! ఆ భవనమునకు నిజముగా ఉన్నవి 102 అంతస్తులే. పాతాళమునకు ద్వారము లాస్ ఏంజిలెస్‌లోని ఒక రికార్డింగు స్టూడియో. చచ్చినవారిని నది దాటించు కేరన్ ఇటాలియన్ సూట్లు ధరించి, జీతము పెంచలేదని సణుగును. ఇది చదివి నేను నవ్వుకొన్నాను. 1977లో వచ్చిన మన ‘యమగోల’ చిత్రము జ్ఞప్తికి వచ్చినది. యమలోకమునకు సమ్మెను చేర్చిన తెలుగువారికి కేరన్ జీతపు గొడవ వింతగా తోచదు. లాస్ వేగాస్ జూదశాలలో పిల్లలు కొద్దిసేపు ఆడుకొని వెలుపలికి వచ్చుసరికి ఐదు దినములు గడచియుండుట మాత్రము నవ్వుకొని విడువదగినది కాదు. హోమరు చెప్పిన తామరపండ్ల మత్తును యంత్రక్రీడల మత్తుగా మార్చుటలో రచయిత ఆధునిక జీవితమును సూటిగా చూచినాడు.

ప్రతీకలలో ఒక్కటి చాలును. గురువైన కైరన్ పెర్సీకి ఇచ్చిన ఆయుధము చూచుటకు సాధారణమైన కలము. మూత తీసినచో ఖడ్గమగును. ఎక్కడ పారవైచినను తిరిగి జేబులోనికి వచ్చి చేరును. అక్షరములు శత్రువులైన బాలుని చేతికి రచయిత కలమునే ఆయుధముగా ఇచ్చుట యాదృచ్ఛికమని నేను అనుకొనను. ఆ ఖడ్గము పేరు అనక్లూస్మోస్. తెలియకుండ కాళ్లక్రిందనుండి లోనికి లాగివేయు సముద్ర ప్రవాహమని అర్థము. రామకృష్ణా బీచిలో స్నానమునకు దిగి ఆ లాగుడును ఎరిగిన మన ఊరి పిల్లలకు ఈ పేరు వ్యాఖ్యానము లేకయే తెలియును.

భవిష్యవాణి గ్రీకు కథలకు వెన్నెముక వంటిది. మన కంసునికి ఆకాశవాణి ఎట్టిదో అట్టిది. బయలుదేరుటకు ముందు పెర్సీకి వినవచ్చిన భవిష్యవాణిలో రెండు మాటలు ముల్లువలె గ్రుచ్చుకొనును: మిత్రుడనువాడు ద్రోహము చేయునని, కడకు ముఖ్యమైనదానిని రక్షింపజాలవని. పాతాళమునుండి బయటపడుటకు పెర్సీ చేతిలో మూడు ముత్యములే ఉండును; ముత్యమునకొకరు చొప్పున ముగ్గురే పోగలరు. తల్లితో కలిసి నలుగురు. తల్లిని అచ్చటనే విడిచి అతడు మిత్రులతో వచ్చివేయును. తరువాత పాతాళాధిపతియైన హేడిస్ ఆమెను విడుదల చేయును. కాని ఇంటివద్ద గేబ్ ఉండనే ఉన్నాడు. మెడూసా శిరస్సున్న పెట్టెను కుమారుడు తల్లియొద్ద ఉంచి, నిర్ణయమును ఆమెకే విడిచిపెట్టును. ఆమె తన్ను తానే రక్షించుకొనును. భవిష్యవాణి అక్షరాల నిజమైనది. అయినను శోకము కలుగలేదు. మాటను తప్పింపకయే అర్థమును తిప్పుట ఇట్టి కథలలో కష్టమైన పని. ఇక్కడ రచయిత నేర్పు మెచ్చదగినది. గేబ్ శరీరపు దుర్గంధము బిడ్డ వాసనను రాక్షసులకు తెలియకుండ కప్పివేయునని, అందుకొరకే శాలీ అన్ని సంవత్సరములు ఆ దుర్మార్గుని సహించినదని ముందే చెప్పబడియున్నది గనుక ఆ ముగింపు మరింత నిండుగా ఉన్నది.

ఇప్పుడు నవలకు గుండెకాయ వంటి విషయము. పాత్రపోషణమున అందరు పెర్సీని గూర్చి వ్రాయుదురు. నా దృష్టిలో విద్యార్థి శ్రద్ధగా చదువవలసిన పాత్ర లూక్. ఇతడు హెర్మిస్ అను దేవత కుమారుడు. శిబిరములో ఒక్కొక్క దేవత సంతానమునకు ఒక్కొక్క వసతిగృహము. తండ్రియో తల్లియో ఇతడు నా బిడ్డ అని సంజ్ఞ చేయనివారందరు హెర్మిస్ ఇంటిలో, నేలమీద, ఒకరినొకరు ఒరసికొని పండుకొందురు. ఎన్నేండ్లయినను పిలుపు రానివారు అందులో కలరు. వారికి పెద్దన్నవలె ఉండి, కొత్తగా వచ్చిన పెర్సీకి ఆదరము చూపి, కత్తిసాము నేర్పినవాడు లూక్. ద్రోహము చేసినవాడును లూకే. అతడు ఇచ్చిన రెక్కల పాదుకలే పాతాళములో గ్రోవర్‌ను అగాధము వైపు ఈడ్చుకొనిపోవును. ఆ కానుక ఇచ్చుచుండగా మనము సంతోషించితిమి. నూరు పుటలు దాటిన పిమ్మట అదే కానుక సూచనయని తెలియును.

లూక్ కోపము అన్యాయమైనదా? కాదు. తండ్రి అతనికి అప్పగించిన సాహసకార్యము పూర్వము హెర్క్యులిస్ చేసి ముగించినదే. అందులో అతనికి దక్కినది ముఖముమీద ఒక మచ్చ మాత్రమే. బిడ్డలను కని మరచిపోవు దేవతలమీద అతడు చేయు అభియోగమునకు నవలలో ఎవరును సరియైన సమాధానము చెప్పలేదు. ఇక్కడ మనకు కర్ణుడు జ్ఞప్తికి రాక మానడు. తిక్కన ఉద్యోగపర్వమున కుంతి కర్ణుని యొద్దకు వచ్చి నీవు నా బిడ్డవని చెప్పు ఘట్టమును చదివినవారు రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి చూడవలెను. ఇద్దరును గుర్తింపునకు నోచుకొననివారు. ఇద్దరును ఎదుటిపక్షము చేరినవారు. అయితే కర్ణుని కట్టివేసినది కృతజ్ఞత. సభలో అవమానము పొందిననాడు అంగరాజ్యమిచ్చి నిలబెట్టిన దుర్యోధనుని అతడు విడువజాలడు. లూక్‌ను కట్టివేసినది గాయము. క్రోనస్ అను ప్రాచీన దుష్టశక్తి స్వప్నములలో వచ్చి ఆ గాయమునే పుండుగా చేసినది. ఈ భేదమువలననే కర్ణునియందు గౌరవము, లూక్‌యందు జాలి కలుగును.

ఉర్దూ విభాగపు విద్యార్థులు ఫిర్దౌసీ ‘షాహ్‌నామా’లోని రుస్తుం, సొహ్రాబుల కథను ఇచ్చట తెచ్చుకొనవచ్చును. తండ్రిని వెదకుచు వచ్చిన కొడుకు తండ్రి చేతనే హతుడగును. గుర్తుగా కట్టిన ఆభరణము కనిపించుసరికి ఆలస్యమైపోవును. (ఆ ఫిర్దౌసీ జీవితమునే జాషువా కవి తెలుగు కావ్యముగా వ్రాసినాడని మన రెండు విభాగములవారును గుర్తుంచుకొందురు గాక.) పెర్సీకి మాత్రము గుర్తు సకాలమున వచ్చినది. వాగులో నిలుచుండగా గాయములు మానిపోయి, తలపైన ఆకుపచ్చని త్రిశూలము వెలుగును, చుట్టునున్నవారు మోకరిల్లుదురు. పొంగిపోవలసిన ఆ క్షణమున రచయిత ఒక చేదుబిందువును కలిపినాడు. మరునాటినుండి పెర్సీకి ప్రత్యేకగృహము, ప్రత్యేక భోజనపు బల్ల. తోడు ఎవరును లేరు. నేలమీద పండుకొన్ననాడు ఉన్న స్నేహము అక్కడ లేదు. కడపట తండ్రిని చూచినప్పుడును కౌగిలింత లేదు. వీరునికి దుఃఖమే వ్రాసిపెట్టియుండును గనుక నిన్ను కనుట నా తప్పని పొసైడన్ చింతించును. ఇట్టి తండ్రి, ఇట్టి కొడుకు పిల్లల నవలలలో అరుదు.

నవలలో లోపములు లేకపోలేదు. పాశ్చాత్య నాగరికత ఎక్కడ బలముగా వెలుగునో అక్కడికి దేవతలును తరలిపోవుదురని, కనుక ఇప్పుడు అమెరికాలో ఉన్నారని కైరన్ చేత చెప్పించుట గర్వోక్తి. మిగిలిన లోకపు సంగతియేమని ఒక విద్యార్థిని తరగతిలో అడిగినది. నవలలో దానికి జవాబు లేదు. మెడూసా విషయమునను నాకు తృప్తి లేదు. పొసైడన్‌తోడి సంబంధము కారణముగా ఎథీనా శాపమునకు గురియైనది ఆమె. ఆ ఇద్దరు దేవతల బిడ్డలే ఎదుట నిలిచియున్నారు. ఇంతటి సన్నివేశము చేతికి చిక్కియు రచయిత తొందరపడి శిరస్సు నరికించి ముందుకు సాగినాడు.

అక్షరములు తారుమారగుట పెర్సీ మెదడు ప్రాచీన గ్రీకు లిపికి తగినట్లు అమరియుండుటవలననని, కుదురులేనితనము యుద్ధభూమిలో ప్రాణము కాపాడు చురుకుదనమని నవలలో చెప్పబడినది. ఇది కల్పన; వైద్యము కాదు. నిజలోకమున డిస్లెక్సియా గలవారికి తెలివి తక్కువ కాదని, చదువు విధానము వేరుగా ఉండవలెనని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యములను కూడ గుర్తించినది.

నేను ఈ విషయమును ఇంతగా చెప్పుటకు కారణమున్నది. పాతనగరమునుండి వచ్చు ఒక విద్యార్థి నా తరగతిలో ఉండెడివాడు. ఇంట ఉర్దూ కుడినుండి ఎడమకు, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు ఎడమనుండి కుడికి. మూడు లిపులతోడి బ్రతుకు. బిగ్గరగా చదువుమని లేపినప్పుడు ప్రతి పంక్తికి ఆగిపోయెడివాడు. చుట్టునున్నవారు నవ్విరి. నేను వారిని వారింపక, ఇంటివద్ద చదివి రమ్మని అతనినే మందలించితిని. తరువాత ఈ నవలను స్నేహితుడు చదివి వినిపింపగా విని వచ్చి, లూక్‌ను గూర్చి ఆ తరగతిలో అందరికన్న చక్కగా మాట్లాడినవాడు అతడే. కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే: గ్రంథాలయమున ఈ నవల ప్రతులతోపాటు వినుటకు వీలైన శబ్దగ్రంథమును కూడ తెప్పింపవలెను; చదువుటలో కష్టపడు విద్యార్థులను అధ్యాపకులు ముందుగా గుర్తించి, కళాశాల పరీక్షలలో వారికి అదనపు సమయము ఇచ్చు ఏర్పాటు చేయవలెను.

మరియొక సంగతి. ఇట్టి సంతానమును ఇంగ్లీషులో ‘హాఫ్ బ్లడ్’ అని నవల పిలుచును. సగము రక్తమువారని అర్థము. అందులో కొరత ధ్వనించును. దానిని తెలుగు చేయుమనగా విద్యార్థులు ‘దేవాంశసంభూతులు’ అని వ్రాసినారు. మాట అందముగా ఉన్నది గాని, అందులో కొరత పోయి గొప్పతనము వచ్చి కూర్చున్నది. లూక్ బాధ ఆ మాటలో పట్టదు. ‘సూతపుత్రుడు’ అన్న మాటలోని పోటు దానిలో లేదు. దేవత తన బిడ్డను గుర్తించుటకు నవలలో వాడిన ‘క్లెయిమ్’ అను మాటకును తరగతిలో చర్చ జరిగినది. ‘స్వీకరించుట’ అన్నారు కొందరు. ‘తనవాడని చెప్పుకొనుట’ అన్నారు మరికొందరు. వెనుకబల్లనుండి ఆ పాతనగరపు విద్యార్థి లేచి, మా ఇంట దీనికి ‘అప్‌నానా’ అందుమండీ అని చెప్పినాడు. నల్లబల్లమీద ఆ మాటను తెలుగు లిపిలో నేను వ్రాసితిని. దాని పక్కన ఉర్దూ లిపిలో అతడు వచ్చి వ్రాసినాడు.